వినమ్ర అవరోహణం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు చెడ్డదేమీ కాదు, కాకపోతే ఎవరైనా ఏదైనా అడిగితే నిజం చెప్పేస్తుంది. ప్రభుత్వోద్యోగంలో ఇంతకాలం నలిగి కూడా ఈ జబ్బు నయం చేసుకోలేకపోయాను. అందువల్ల నా ఒక్కదానికే నష్టం వస్తే ఊరుకుందును. మా శాఖ మొత్తం కొండెక్కవలసి వచ్చింది.

మాది జిల్లా సమన్వయ శాఖ. జిల్లాలోని మిగతా శాఖలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా చూడటం మా పని. అవి మాట్లాడుకోవు కనక మాకు పని ఎప్పుడూ ఉంటుంది. మేం వాటితో మాట్లాడం కనక ఆ పని ఎప్పటికీ తరగదు. నేనందులో సీనియర్ అసిస్టెంటుని, పేరు అప్పలనరసమ్మ. మా ఆయన సన్యాసిరావు బజారులో దర్జీ. పగలంతా మిషను చప్పుడులో కూర్చుంటాడు కనకనో ఏమో, ఇంటికొచ్చాక నోరు విప్పడు. అన్నం పెట్టమంటే కంచం ముందుకు జరుపుతాడు, చాలంటే చెయ్యి అడ్డం పెడతాడు. పెళ్లయిన కొత్తలో పొగరనుకున్నాను. తరవాత అలవాటనుకున్నాను. ఆ తరవాత అనుకోవడం మానేశాను.

మా ఊరికి పడమటివైపు పులిమెట్ట ఉంది. దాని కాళ్ల దగ్గర తామరబంద అనే చెరువు. కొన్నేళ్ల కిందట ఒక వేసవిలో ఇంట్లో ఫ్యాను పాడైపోతే, గాలి కోసం ఇద్దరం తెల్లవారుజామున పులిమెట్ట ఎక్కాం. రోడ్డు వైపునుంచి సన్నటి కాలిబాట ఉంది, అందరికీ తెలిసినదే. వెనకవైపు మరో బాట ఉంది. ఎప్పుడో రాతి క్వారీ నడిచిన రోజుల్లో బళ్లు తిరిగిన బాట. చుట్టు తిరిగి వస్తుంది, కానీ వెడల్పుగా ఉంటుంది. పక్కపక్కనే నడవొచ్చు. ఆ రోజు ఆ బాటమీద దిగుతుంటే మా ఆయన ఉన్నట్టుండి తన చిన్నప్పటి మాట ఒకటి చెప్పాడు. నేను ఆగిపోయి ఆయన మొహంకేసి చూశాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి గొంతు అంతసేపు విన్నది అప్పుడే. ఫ్యాను బాగయ్యాక కూడా మేం కొండ మానలేదు. వేసవి శనాదివారాలు వస్తే చద్దన్నం మూటగట్టుకుని మెట్ట ఎక్కడం, వెనకబాట దిగడం, చెరువొడ్డున కాసేపు నడుం వాల్చడం. వారమంతా దాచుకున్న మాటలు ఆయన అక్కడ ఖర్చు పెట్టేవాడు. నాకు మిగతా ఐదు రోజులూ ఆ రెండు రోజుల కోసమే ఉండేవి.

ఇలా ఉండగా మా జిల్లా అధికారి చక్రధరరావు గారు ఉద్యోగుల మనశ్శాంతి గురించి సముద్రతీర హోటల్లో శిక్షణ పొంది వచ్చారు. వచ్చిన సోమవారమే మా అందరి మొహాలు పరిశీలించి, ఒక్క నా మొహంలోనే మనశ్శాంతి కనబడుతోందనీ, దానికి కారణం తెలియజేయాలనీ అడిగారు. కొండకు వెళ్తామని చెప్పాను. అక్కడితో ఆపవచ్చు. ఆపలేదు. శనాదివారాలు కొండా చెరువూ తిరిగితే సోమవారం ఆఫీసు కూడా అందంగా కనబడుతుందని చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని ఆ వాక్యాన్ని నెమ్మదిగా నమిలారు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. వేసవి వారాంతాల్లో సిబ్బంది యావన్మంది సమీప కొండలనూ జలాశయాలనూ సందర్శించి మనశ్శాంతి పొందవలెననీ, ఈ కార్యక్రమంలో అందరూ స్వచ్ఛందంగా పాల్గొని తీరవలెననీ, పాల్గొననివారి స్వచ్ఛందత మీద సంజాయిషీ కోరబడుననీ అందులో ఉంది. కుటుంబ సభ్యులు శాఖకు బయటివారు కనక వారికి ప్రవేశం లేదు.

ఆ చివరి వాక్యం నేను మళ్లీ మళ్లీ చదివాను. ఇంటికెళ్లి మా ఆయనకు చెబితే, చేతిలో గుడ్డ మడతపెడుతూ తలూపాడు. శుక్రవారం రాత్రి అలవాటు ప్రకారం చద్దన్నానికి రెండు గుప్పెళ్లు ఎక్కువ వండాను. పొద్దున్న ఆయన ఒక్కడే తిని కొట్టుకు వెళ్లాడు.

ఇక్కడ మా ఆఫీసు మర్యాదల గురించి కొంచెం చెప్పాలి. వీటిని కాపాడేవారు మా సూపరింటెండెంటు పతివాడ రామ్మూర్తి గారు. మర్యాదలు ముఖ్యంగా రెండు. అధికారి కన్న ముందు ఎవరూ నడవకూడదు. అధికారి కన్న ఎత్తులో ఎవరూ ఉండకూడదు. మా ఆఫీసుకు రెండంతస్తులున్నాయి. మోకాళ్ల నొప్పులవల్ల చక్రధరరావు గారు కింది గదిలో కూర్చుంటారు. అధికారి శిరస్సుమీద గుమస్తాల పాదాలుండటం ఏ శాఖలోనూ కనీవినీ ఎరగమని రామ్మూర్తి గారు అభ్యంతరం చెప్పడంతో మేమందరం కిందే కిక్కిరిసి కూర్చుంటాం. పై అంతస్తులో పావురాలుంటాయి. అవి సర్వీసులో లేవు కనక వదిలేశారు.

మొదటి శనివారం కొండెక్కడం బాగానే జరిగింది. చక్రధరరావు గారు ముందు, ఆయన వెనక రామ్మూర్తి గారు, ఆ వెనక సీనియారిటీ ప్రకారం మేమందరం, చిట్టచివర జూనియర్ అసిస్టెంటు తవిటమ్మ. ఆవిడ భర్త పోయాక ఆయన ఉద్యోగం ఈవిడకిచ్చారు. వయసులో మా అందరికన్న పెద్ద, సర్వీసులో అందరికన్న చిన్న. సారు ఆగితే అందరం ఆగాం. సారు దగ్గితే వెనక ఉన్నవాళ్లు ఏమైందో తెలియక కూర్చున్నారు. సూర్యోదయం చూడటానికి బయల్దేరినవాళ్లం, శిఖరం చేరేసరికి సూర్యుడు మా నడినెత్తిమీద ఉన్నాడు. అది కూడా మర్యాద కాదన్నట్టు రామ్మూర్తి గారు పైకి చూసి, ఏమీ చేయలేక ఊరుకున్నారు. చక్రధరరావు గారు బండమీద నిలబడి, ఆఫీసును పూర్తిగా మరిచిపోవాలని ఆఫీసు విషయాలన్నీ పేరుపేరునా ఉదహరిస్తూ ప్రసంగించారు.

దిగుదామని ఆయన అడుగు వేయబోతే రామ్మూర్తి గారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన మొహం పాలిపోయింది.

"సారు ముందు దిగితే సిబ్బంది యావన్మందీ సారు శిరస్సు కన్న ఎత్తున నడిచినట్టవుతుంది. సారు వెనక దిగితే సిబ్బంది యావన్మందీ సారు కన్న ముందు నడిచినట్టవుతుంది. మొదటిది ఎత్తు ఉల్లంఘన, రెండోది వరస ఉల్లంఘన. ఎక్కేటప్పుడు ఈ రెండూ కలిసే ఉన్నాయి కనక మనం గమనించలేదు" అన్నారు.

చక్రధరరావు గారు దీర్ఘంగా ఆలోచించారు. "వ్యక్తిగతంగా నాకేమీ అభ్యంతరం లేదు. కానీ నేను వ్యక్తిని కాదు గదా" అన్నారు.

అందరం ఎండలో నిలబడ్డాం. ప్రధాన కార్యాలయానికి రాసి వివరణ తెప్పించుకుందామని ఒకరన్నారు. వాళ్లు జవాబిచ్చేసరికి మేం పింఛనుకు కూడా అర్హత దాటిపోతామని ఇంకొకరన్నారు. చివరికి రామ్మూర్తి గారికే ఉపాయం తట్టింది. గుళ్లో దేవుణ్ని చూసి బయటికి వచ్చేటప్పుడు పెద్దవాళ్లు వీపు చూపించకుండా వెనక్కి నడుస్తూ వస్తారు గదా, దేవుడికే అది సరిపోయినప్పుడు జిల్లా అధికారికి సరిపోకుండా పోదన్నారు. సారు అందరికన్న పైన ఉంటూ చివర దిగుతారు. మేం సారు వైపు మొహాలు పెట్టి, చేతులు కట్టుకుని, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ దిగాలి. ఎత్తు దక్కుతుంది, వరస చెడదు.

ఆ విధంగా జిల్లా సమన్వయ శాఖ యావత్తూ పులిమెట్టను వెనక్కి నడుస్తూ దిగింది. చిట్టచివరిదైన తవిటమ్మ ఇప్పుడు అందరికన్న ముందు, కనబడని దారిని పాదాలతో తడుముకుంటూ, మా అందరికీ దారి తీసింది. టైపిస్టు ముళ్లపొదలో కూర్చున్నాడు. అకౌంటెంటు మడమ బెణికింది. చక్రధరరావు గారికి మాత్రం ఎంతో బాగుంది. తన సిబ్బంది మొహాలన్నీ అంతసేపు ఒక్కసారిగా ఆయనెప్పుడూ చూడలేదు. అందరి కళ్లలోనూ భయభక్తులు కనబడ్డాయని కింద దిగాక ఆనందంగా చెప్పారు. భయం నిజమే.

రామ్మూర్తి గారు దీనికి 'వినమ్ర అవరోహణ పద్ధతి' అని పేరు పెట్టి ప్రధాన కార్యాలయానికి నివేదిక పంపారు.

మరుసటి వారం చెరువు. నీళ్లలో ఎత్తుపల్లాలుండవు కనక ఏ చిక్కూ రాదనుకున్నాం. చక్రధరరావు గారు పంచె ఎగగట్టి మోకాలి లోతు నీళ్లలోకి దిగి హాయిగా నిట్టూర్చారు. గట్టుమీద ఉన్నవాళ్లందరం సారు కన్న ఎత్తులో ఉన్నామని రామ్మూర్తి గారు కనిపెట్టారు. ఆయన తొడలోతుకి దిగారు. నేను నడుములోతుకి దిగాను. అలా సర్వీసు తగ్గుతున్నకొద్దీ లోతు పెరుగుతూ తవిటమ్మ దగ్గరికి వచ్చేసరికి చెరువు ఆవిడ గడ్డం దాకా వచ్చింది. అసలే పొట్టి మనిషి.

"నాకీత రాదు బాబూ" అంది తవిటమ్మ.

ముక్కు నీటిపైన ఉన్నంతవరకు విధుల్లో ఉన్నట్టేనని రామ్మూర్తి గారు ధైర్యం చెప్పారు. ఆవిడ ముక్కు కూడా మునగబోతుంటే నేను రెక్క పట్టుకుని లాగి, కాళ్ల కింద ఒక రాయి దొరికితే దానిమీద నిలబెట్టాను. సోమవారం నాకు మెమో వచ్చింది. సహోద్యోగినిని తగిన అనుమతి లేకుండా హోదాకు మించిన ఎత్తుకు చేర్చినందుకు.

మెమో తీసుకుని చక్రధరరావు గారి గదిలోకి వెళ్లాను. ఈ కార్యక్రమం నుంచి నాకు మినహాయింపు ఇప్పించమని అడిగాను. కారణమేమిటన్నారు. శనివారం కొండకు వెళ్లాలండీ అన్నాను. ఆయన రామ్మూర్తి గారిని పిలిచారు. కొండకు వెళ్లడం నుంచి మినహాయింపు పొంది కొండకు వెళ్లడం తగదనీ, ఒకవేళ ఇస్తే రేపు ఆఫీసుకు రావడం కోసం ఆఫీసుకు సెలవు అడుగుతారనీ రామ్మూర్తి గారు వాదించారు. మా ఆయనతో వెళ్లాలండీ అని చెప్పాను. సిగ్గు విడిచి, ఆయన నాతో మాట్లాడేది అక్కడే అని కూడా చెప్పాను.  అప్పుడు చక్రధరరావు గారు జాలిగా, శాఖల మధ్య సమన్వయం మాత్రమే మా పరిధిలోకి వస్తుందమ్మా అన్నారు.

నన్ను వదలకపోతే పోయె, మా ఆయనైనా కొండను వదలలేదు. ఒక శనివారం మేం ఆపసోపాలు పడి శిఖరం దాపుకు వచ్చేసరికి సన్యాసిరావు అక్కడి బండమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. వెనకబాటన ఎక్కి వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. రామ్మూర్తి గారికి మరొకటి కనబడింది. సారు ఇంకా ఎక్కుతూ ఉండగా ఒక ప్రైవేటు వ్యక్తి సారు కన్న ఎత్తులో, అదీ కూర్చుని. ఆ బండ పక్కనే, అదే ఎత్తులో ఎవరివో మేకలు కూడా మేస్తున్నాయి.

మరుసటి వారమే కొండ మొదట్లో బోర్డు పెట్టారు. కార్యక్రమం జరిగే రోజుల్లో ప్రైవేటు వ్యక్తులూ పశువులూ కొండమీద ఉండరాదు. పావురాలకిచ్చిన మినహాయింపు మేకలకివ్వలేదు. ఆ తరవాత మా ఆయన శనివారాలు కొండ కింద సోడాబండి దగ్గర సైకిలు పెట్టుకుని నిలబడేవాడు. నేను దిగి వస్తే వెనక ఎక్కించుకుని ఇంటికి తీసుకెళ్లేవాడు. దారి పొడుగునా ఆయన వీపే నాకు కనబడేది. ఒక్క మాట లేదు.

అక్కడ ప్రధాన కార్యాలయంలో మా నివేదిక గొప్ప సంచలనం కలిగించింది. వెనక్కి నడవడం మోకాళ్లకు మంచిదని ఎవరో వైద్యులు చెప్పారట, పైవారి మొహం చూస్తూ దిగడం క్రమశిక్షణకు మంచిదని ఎవరూ చెప్పనక్కరలేకపోయిందట. పొరుగు జిల్లా అధికారి హయగ్రీవరావు గారు తన సిబ్బందితో వచ్చి ఈ పద్ధతిని క్షేత్రస్థాయిలో అధ్యయనం చేయాలని ప్రధాన కార్యాలయంవారు ఆదేశించారు.

ఆదేశించినవారికి ఒక సంగతి గుర్తులేదు. చక్రధరరావు గారూ హయగ్రీవరావు గారూ ఒకే రోజు ఒకే పూట ఒకే హోదాలో ఉద్యోగంలో చేరినవాళ్లు. ఇద్దరిలో ఎవరు సీనియరన్నది ఇన్నేళ్లుగా ట్రిబ్యునల్లో నలుగుతోంది. ఇద్దరూ ఎప్పుడు తారసపడ్డా మాట్లాడుకోరు. ముందు నమస్కారం పెట్టినవాడు జూనియరని కేసులో రుజువవుతుందేమోనని భయం.

ఎక్కేటప్పుడు గండం గడిచింది. కొండ మొదట్లోని కాలిబాటన చక్రధరరావు గారు, కొంచెం అవతల గుట్టలమీదుగా హయగ్రీవరావు గారు, ఇద్దరూ ఒకరికన్న ఒకరు ముందు చేరాలని, జీవితంలో ఎన్నడూ లేని వేగంతో పాక్కుంటూ ఎక్కారు. శిఖరం దగ్గర ఒకే బండ ఉంది. దానిమీద వీపుకు వీపు ఆనించి కూలబడ్డారు. వాళ్ల కింద రెండు జిల్లాల సిబ్బంది రెండు వరసల్లో నిలబడ్డాం.

ఇక దిగాలి. మా పద్ధతి ప్రకారం పైన ఉండి చివర దిగేవాడు పెద్ద. ముందు దిగినవాడు కిందివాడైపోతాడు. అదీ రెండు జిల్లాల సాక్షుల ఎదుట. ముందు మీరు దయచేయండని చక్రధరరావు గారు ఎటో చూస్తూ అన్నారు. అబ్బే, ఆతిథ్యం మీది, మీరే దయచేయాలని హయగ్రీవరావు గారు మరెటో చూస్తూ అన్నారు. ఇద్దరూ దయచేయలేదు.

మధ్యాహ్నమైంది. కాలిబాటమీద ఇద్దరు పక్కపక్కన పట్టరు, ఒకరి వెనక ఒకరే నడవాలి. పొరుగు జిల్లా సూపరింటెండెంటూ మా రామ్మూర్తి గారూ ఒక పక్కన కూర్చుని ఉభయులకూ ఆమోదయోగ్యమైన అవరోహణ మార్గం గురించి చర్చలు మొదలుపెట్టారు. సీసాల్లో నీళ్లు అయిపోయాయి. బండ పెనంలా కాలుతోంది. చక్రధరరావు గారి పెదాలు ఎండిపోయి తెల్లబడ్డాయి. హయగ్రీవరావు గారు కళ్లు మూసుకుని ఒక పక్కకు ఒరుగుతున్నారు, మళ్లీ తాను ఒరిగితే ఎత్తు తగ్గిపోతానని గుర్తొచ్చి సర్దుకుంటున్నారు. తవిటమ్మ నా దగ్గరికి జరిగి, "నవ్వు రాటం లేదమ్మా, భయమేస్తంది. ఇద్దరూ పోయేలా ఉన్నారు" అంది.

నన్ను నీళ్లకోసం కిందికి పంపారు. మొదటి మలుపు దాకా వెనక్కి నడిచి, కనుమరుగయ్యాక మనిషిలా తిరిగి పరుగెత్తాను. కింద సోడాబండి దగ్గర మా ఆయన ఉన్నాడు. నీళ్ల బాటిళ్లు సంచిలో వేస్తూ జరిగిందంతా చెప్పాను. వెనకబాట సంగతి వాళ్లకు తెలియదని కూడా చెప్పాను. ఇద్దరూ పక్కపక్కన దిగేంత వెడల్పు ఆ బాట ఒక్కదానికే ఉందని ఆయనకు నేను చెప్పాలా.

ఆయన సంచి అందుకుని బుజానికి వేసుకున్నాడు. "మరి సెప్పీ" అన్నాడు.

"చెబితే అది కూడా పట్టుకుపోతారు" అన్నాను.  "కొండ పోయింది, శనివారాలు పోయాయి, ఆ బాట ఒక్కటే మిగిలింది. ఎప్పటికైనా వీళ్ల పిచ్చి వదిలితే మనం మళ్లీ..."

"ఎండకి మనుసులు మాడిపోతన్నారే. బాటేటి, మీ నాన్న కట్నమిచ్చినదేటి? సెప్పీ" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ మనిషి మీద కాదు. నిజం ఆయన వైపే ఉన్నందుకు. బోర్డును లెక్కచేయకుండా ఇద్దరం వెనకబాటనే నీళ్లు మోసుకుంటూ ఎక్కాం. ఆయన నా పక్కనే నడిచాడు. బరువుకు రొప్పుతున్నాడేమో, ఏమీ మాట్లాడలేదు. ఈ ఒక్కసారైనా మాట్లాడొచ్చు గదా అనుకున్నాను, అడగలేదు.

పైన నీళ్లు అందించాం. ఎవరు ముందు తాగాలో తేలక అధికారులిద్దరూ మూతలు తీసిన బాటిళ్లు పట్టుకుని ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు. ఒకేసారి ఎత్తారు. అప్పుడు నేను రామ్మూర్తి గారి దగ్గరికి వెళ్లి, వెనకవైపు బళ్లబాట ఉందనీ, ఇద్దరు బుజం బుజం కలిపి దిగొచ్చనీ చెప్పాను. ఆయన పొరుగు సూపరింటెండెంటుకేసి చూశారు. ఆయన ఈయనకేసి చూశారు. ఇద్దరి మొహాల్లోనూ జీవం వచ్చింది.

ఆ దిగడం చూడవలసిందే. సిబ్బంది అందరం ముందే వెనక్కి నడుస్తూ దిగుతున్నాం. మా ఎదుట, పైన, ఇద్దరు జిల్లా అధికారులు పక్కపక్కన. ఎవరి అడుగైనా తెలియకుండా ముందు పడుతుందేమోనని సూపరింటెండెంట్లిద్దరూ కుడి, ఎడమ అని చెబుతున్నారు. ఒకరు జారి కిందపడితే హోదా పడిపోతుంది కనక ఇద్దరూ చేతులు పట్టుకున్నారు. మొదట వేళ్ల చివరలతో, రాళ్లు వచ్చాక గట్టిగా. సగం దూరం వచ్చేసరికి చక్రధరరావు గారు అబ్బా అని మోకాలు పట్టుకున్నారు. హయగ్రీవరావు గారు కూడా ఆగిపోయి, మీకూనా అన్నారు. ఎన్నో ఏళ్లలో ఆయన ఈయన మొహం చూసి అన్న మొదటి మాట అదే. అక్కడినుంచి ఏ మోకాలు ముందు నొప్పి పుట్టింది, ఏ తైలం వాడుతున్నారు, ట్రిబ్యునల్ మెట్లు ఎక్కి ఎక్కే ఇలా అయిందంటారా, అవునంటే అవునని. కుడి ఎడమ చెప్పేవాళ్లను ఇద్దరూ కలిసి నోర్మూసుకోమన్నారు. కింద చెరువొడ్డుకు చేరాక కూడా చేతులు వదలడం మరిచిపోయారు.

నేను మా ఆయనకేసి చూశాను. ఆయన వాళ్లనే చూస్తున్నాడు. "బాట మంచిదే" అన్నాడు.

కేసు ఉపసంహరించుకున్నారు. ఆ వెంటనే ఉత్తర్వు వచ్చింది. కార్యక్రమ లక్ష్యం సంపూర్ణంగా నెరవేరినందున సిబ్బంది ఇకపై కొండకు రానక్కరలేదు. పులిమెట్ట పడమటి వెనకబాట మాత్రం సమాన హోదాగల అధికారుల ఆంతరంగిక సంప్రదింపుల నిమిత్తం శనాదివారాలు ప్రత్యేకించబడినది, ఇతరులకు ప్రవేశం లేదు. బాట మొదట్లో గొలుసు కట్టారు. ఈ మార్గాన్ని కనిపెట్టినందుకు రామ్మూర్తి గారికి ప్రశంసాపత్రం ఇచ్చారు. దాని చిత్తుప్రతి రాసింది నేనే.

ఆఫీసంతా పండగ చేసుకుంది. అకౌంటెంటు మిఠాయి పంచాడు. తవిటమ్మ నా చెయ్యి పట్టుకుని నీవల్లే శనివారాలు దక్కాయంది. నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. శనివారం దక్కింది సరే, దాన్ని పట్టుకుని ఎక్కడికి పోను? మా ఇంటి వరండాలోకా, కంచం ముందుకు జరిపి చెయ్యి అడ్డం పెట్టే మనిషి ఎదుటికా?

ఆ శనివారం సాయంత్రం మా ఆయన కొట్టు పెందలాడే కట్టేసి వచ్చి, పద అన్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. సైకిలుమీద తామరబంద అవతలి ఒడ్డుకు తీసుకెళ్లాడు. అటువైపు చెరువుగట్టు సన్నగా ఉంటుంది. ఒకవైపు నీళ్లు, ఒకవైపు పొలంలోకి జారుడు. ఒకరి వెనక ఒకరే నడవాలి. దూరంగా పులిమెట్టమీద రెండు గొడుగులు పక్కపక్కన మెల్లగా దిగుతున్నాయి. నేనవి చూసి మొహం తిప్పుకున్నాను.

"ఇక్కడ పక్కన నడవడానికి లేదండీ" అన్నాను. "మాట్లాడుకోవడం కుదరదు."

ఆయన గట్టుమీద నిలబడి గాలి ఎటునుంచి వస్తోందో చూశాడు. మొహానికి కొట్టే గాలి.

"ఎదురుగాలే. ముందున్నోల్ల మాట ఎనకోల్లకి ఇనబడతాది గానీ, ఎనకోల్ల మాట ముందుకి రాదు" అన్నాడు.

"అయితే ఎవరు ముందు నడవాలి?" అన్నాను. అడిగాక నాకే సిగ్గేసింది. ఆ వేసవంతా ఆఫీసులో విన్న ప్రశ్నే అది.

"ఎవులికి మాటుంటే ఆల్లు" అన్నాడు సన్యాసిరావు.

నేను పక్కకు తప్పుకుని దారి ఇచ్చాను. ఆయన తువ్వాలు తలకు చుట్టుకుని ముందుకు వెళ్లాడు. చెరువు కొస దాకా నాకు దారి ఇవ్వలేదు.